వేరుగా ఉంటున్నారని రాసింది నేనే

నా చేతిరాత బాగుంటుందని గోదావరిఖనిలో ఒకప్పుడు పేరు. నేనే చెప్పుకుంటే గొప్పలు పోతున్నట్టుంటుంది గానీ, బొగ్గు కంపెనీ ఏరియా ఆఫీసులో నాతో పనిచేసిన ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు. ఏ సెక్షన్‌లో చిక్కుముడి నోటు రాయాల్సి వచ్చినా నా బల్ల దగ్గరికే వచ్చేవారు. ఏది ఎలా రాస్తే పై అధికారి సంతకం పెడతాడో నాకు తెలిసినంతగా ఆ అధికారికి కూడా తెలియదని నా పక్క సీటాయన ఎగతాళి చేసేవాడు. నేను బాగా మురిసిపోయేదాన్ని. ఇప్పుడు కొత్తగా నౌకరీల్లో చేరుతున్న పిల్లలకు ఆ మురిపెం సంగతే చెప్పాలనుకుంటున్నాను. అది ఒక ఆలుమగలను దాదాపు విడదీసింది. ఆ ఇద్దరూ నాకంటే ఎంత పెద్ద మనుషులో కూడా దానివల్లే నాకు తెలిసింది.

నేను పోటీ పరీక్షలు రాసి ఆఫీసుకు వచ్చినదాన్ని కాదు. నా భర్త గనిలో కప్పు కూలి చనిపోతే ఆ నౌకరీ నాకిచ్చారు. మొదట కొన్నేళ్లు గని మీద లాంపుల గదిలో దీపాలు అందించాను. పదో తరగతి పాసయ్యానని తెలిశాక ఆఫీసులో వేశారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో క్వార్టర్ల సెక్షన్‌లో ఉన్నాను. అంటే ఏ కార్మికుడికి ఏ కాలనీలో ఏ ఇల్లు ఇవ్వాలో ఫైలు కదిలించే పని. ఇళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. ఉదయం పది గంటలకు కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం దాకా తల ఎత్తే తీరిక ఉండేది కాదు.

మా ఆఫీసులో ఒక అలవాటు ఉండేది. షిఫ్టు దిగి, ఒళ్లు కూడా సరిగా కడుక్కోకుండా వచ్చే మనిషికి ఫారం చదివే ఓపిక ఉండదు. చాలావరకు అవి ఇంగ్లీషులో ఉంటాయి కూడా. అందుకని సంతకం పెట్టాల్సిన చోట మేమే పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టి ఇచ్చేవాళ్లం. ఆయన ఆ టిక్కు పక్కన సంతకం పెట్టి, దండం పెట్టి వెళ్లిపోయేవాడు. పైన ఏముందో, కింద ఏముందో అడిగేవాడు కాదు. అది మా మీద నమ్మకం. నమ్మకం అంటే ఎదుటివాళ్ల కోసం చదివి చెప్పాల్సిన బాధ్యత అని నాకు అప్పట్లో తట్టలేదు.

అలా నా దగ్గరికి వచ్చినవాళ్లలో కంపెనీ దవాఖానలో పనిచేసే నర్సు ఒకామె. పాతికేళ్లు దాటి ఉంటాయి. సన్నగా, తక్కువ మాట్లాడే మనిషి. భర్త గనిలో టింబర్‌మన్, అంటే కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని. ఇద్దరూ మొదటి నుంచి గనుల్లో పనిచేసిన క్రైస్తవ కుటుంబాలవాళ్లే. చర్చిలో పెళ్లయి రెండేళ్లు. అతని పేరు మీద దూరపు కాలనీలో రెండు గదుల క్వార్టర్ ఉంది. అందులో తల్లిదండ్రులు, అన్న, వదిన, వాళ్ల ముగ్గురు పిల్లలు, వీళ్లిద్దరు. అత్త పక్కన కోడలు, వాకిట్లో నులక మంచం మీద కొడుకు. పెళ్లయిన ఇద్దరూ తలుపేసుకుని పది నిమిషాలు మాట్లాడుకునే చోటు ఆ ఇంట్లో లేదు.

దవాఖాన వెనక వరుసలో నర్సుల కోసం చిన్న క్వార్టర్లు ఉండేవి. కానీ పెళ్లికానివాళ్లకు, భర్త పోయినవాళ్లకు, భర్త వేరేచోట ఉండేవాళ్లకు మాత్రమే అని నిబంధన. భర్తకు కంపెనీ ఇల్లు ఉంటే భార్యకు రెండోది ఇవ్వరు. ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పాను. "భర్త వేరుగా ఉంటున్నాడని రాసిస్తే చాలు, నేను చూసుకుంటాను" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఒద్దక్కా. కలిసి ఉండనీకె ఇల్లు అడుగుకుంట, వేరు ఉంటున్నమని ఎట్ల రాస్త?" అని లేచింది.

ఇలాంటివాళ్లను నేను చాలామందిని చూశాననుకున్నాను. పట్టింపు కొద్దీ ఇబ్బంది పడేవాళ్లు. పైగా నా మనసులో ఇంకొకటి ఉంది. నేను భర్తతో కలిసి ఉన్నది ఆరేళ్లే. ఉన్న ఒక్క గదిలో ఇద్దరు మనుషులు ఎంత సంతోషంగా ఉండగలరో నాకు తెలుసు. అది ఆ పిల్లకు లేకుండా పోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. సరే, మామూలు దరఖాస్తే పెట్టు, చేతనైంది చేస్తానని చెప్పాను. రెండు ఫారాలు రాశాను. ఆమెకు ఒకటి, అతనికి ఒకటి. పెన్సిల్‌తో టిక్కులు పెట్టాను. ఆమె దవాఖాన డ్యూటీ మధ్యలో వచ్చి సంతకం పెట్టింది. అతను షిఫ్టు దిగి వచ్చి పెట్టాడు. అతను సంతకం చేసిన కాగితం మీద, నా అందమైన చేతిరాతలో, తాను భార్యతో కలిసి ఉండటం లేదని ఉంది. దాని కింద నేను స్వయంగా విచారణ జరిపి నిజమని తేల్చినట్టు రాసి సంతకం చేశాను. నేను ఏ విచారణకూ కుర్చీలోంచి కదలలేదు.

నెల తిరక్కుండా ఇల్లు వచ్చింది. ఇద్దరూ వచ్చి నాకు దండం పెట్టారు. నా పుణ్యాన అని అతని తల్లి నా చేతులు పట్టుకుంది. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

మూడేళ్లు వాళ్లు ఆ ఇంట్లో ఉన్నారు. ఆ తర్వాత దవాఖానలో కేరళ నర్సుల ద్వారా ఆమెకు కెనడా దారి తెలిసింది. అక్కడ ఒక ముసలామె ఇంట్లోనే ఉండి ఆమెను చూసుకోవాలి. అలా రెండేళ్లు పైన పనిచేస్తే అక్కడ స్థిరపడటానికి అర్జీ పెట్టుకోవచ్చు. అనుమతి వచ్చాక భర్తను స్పాన్సర్ చేసి పిలిపించుకోవచ్చు. మొదటిసారి భర్త వెంట రావడానికి లేదు. ఇద్దరూ నెలరోజులు ఆలోచించుకుని, వెళ్లాలనే నిర్ణయించుకున్నారు. ఆమె రాజీనామా చేసి, ఇల్లు అప్పగించి వెళ్లిపోయింది. అతను మళ్లీ పాత కాలనీకి, వాకిట్లో మంచానికి వచ్చాడు.

ఏడేళ్లు గడిచాయి. ఆ ఏడేళ్లలో ఆమె రెండుసార్లు వచ్చి వెళ్లింది. గనిలో మనుషుల నోళ్లు ఊరుకుంటాయా? పిల్లలు లేరు, ఇంక అది రాదు, నీకు ఇక్కడే ఇంకొకదాన్ని చూస్తాం అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాళ్లట. పెళ్లాం వెనక పోయే మొగుడని వెక్కిరించేవాళ్లట. అతను నవ్వి ఊరుకునేవాడు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక చౌరస్తాలో ఎస్టీడీ బూత్ ముందు ఆమె ఫోన్ కోసం నిలబడేవాడు. సెల్‌ఫోన్లు వచ్చాక కూడా ఆదివారం ఆ వేళకు ఎవరు పిలిచినా వచ్చేవాడు కాదు.

ఆమెకు అక్కడ స్థిరపడే అనుమతి వచ్చింది. స్పాన్సర్ కాగితాలు మొదలయ్యాయి. అది ఎంత పెద్ద తతంగమో నేను దగ్గర నుంచి చూశాను. పెళ్లి ఫొటోలు, పాస్టర్ ఇచ్చిన సర్టిఫికెట్, పోలీసు సర్టిఫికెట్, హైదరాబాద్‌లో డాక్టరు పరీక్ష, ఫోన్ బిల్లులు, ఉత్తరాలు. ఈ పెళ్లి వీసా కోసం చేసుకున్నది కాదు, నిజమైనదే అని కెనడా అధికారులకు నమ్మకం కలగాలి. దేశం ఏదైనా వాళ్ల జాగ్రత్త వాళ్లది, తప్పు పట్టలేం. ఆమె రాసిన ఉత్తరాలు కవర్లతో సహా ట్రంకు పెట్టెలో దాచి పెట్టుకున్నాడతను. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నట్టు కంపెనీ నుంచి ఒక పత్రం కూడా కావాలన్నారు, సీలు వేసి నేరుగా వాళ్లకే పంపాలన్నారు.

అప్పటికి నన్ను ప్రావిడెంట్ ఫండ్ సెక్షన్‌కు మార్చారు. నా పాత కుర్చీలో నలభై దాటిన ఒకాయన కూర్చున్నాడు. ముక్కుసూటి మనిషి. ఫైలులో ఏముందో అదే రాస్తాడు, కామా కూడా మార్చడు. ఆయన వెనక మేము నవ్వుకునేవాళ్లం. ఆయన ఫైలు తీశాడు, చదివాడు, ఉన్నది ఉన్నట్టు రాశాడు. ఆమెకు ఆ క్వార్టర్ ఇచ్చింది భర్త వేరుగా ఉన్నాడన్న కారణం మీద అని. అతని సంతకం ఉన్న కాగితం నకలు కూడా జతచేసి సీలు వేసి పంపాడు. ఆయన చేసిన దాంట్లో ఒక్క తప్పు లేదు.

కొన్ని నెలలకు అతను కెనడా వాళ్ల నుంచి వచ్చిన ఒక ఉత్తరం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. షిఫ్టు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చెవుల వెనక బొగ్గు ఇంకా ఉంది. ఉత్తరంలో ఇలా ఉంది: మీరు భార్యతో కలిసి ఉండటం లేదని మీరే సంతకం చేసిన కాగితం మీ యాజమాన్యం రికార్డులో ఉంది, మీ వివాహబంధం గురించి మాకు అనుమానం కలుగుతోంది, ముప్పై రోజుల్లో వివరణ ఇవ్వకపోతే అర్జీ తిరస్కరిస్తాం. వెనక నా చేతిరాత నకలు.

"ఈ సంతకం నాదే అక్కా" అన్నాడతను. "గాని గిట్ల నేనెన్నడు రాసిన? మస్తు యాది చేసుకుంటున్న, యాదికొస్తలేదు. ఆమెకేమని చెప్పాలె?"

తన జ్ఞాపకాన్ని అనుమానిస్తున్నాడు గానీ నన్ను అనుమానించడం లేదు. ఆ క్షణంలో చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఉత్తరం నా దగ్గర ఉంచిపొమ్మన్నాను, చూస్తానన్నాను.

రెండు రోజులు ఆ ఉత్తరం బ్యాగులో పెట్టుకుని తిరిగాను. ఆ తర్వాత నా పాత తెలివి మేలుకుంది. ఫైలులో ఆ రెండు కాగితాలు తీసేసి వేరేవి పెట్టడం నాకు చిటికెలో పని. పాత ఫారాలు ఇంకా బీరువాలో ఉన్నాయి. అప్పటి సిరా రంగు కూడా నాకు తెలుసు. ముందు పంపినది పొరపాటున వేరే మనిషి కాగితమని ఒక లేఖ తయారు చేస్తే సరిపోతుంది. అతన్ని పిలిచి, జరిగినదంతా ఒప్పుకుని, ఈ ఉపాయం చెప్పాను. కోప్పడతాడని సిద్ధపడే ఉన్నాను.

అతను బల్ల మీది ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఆమె మొదాలు పోయేటప్పుడు ఏజెంటు చెప్పిండక్కా, పెండ్లి కాలేదని రాయి, జల్ది పని అయితది అని. శానమంది గట్లనే రాసిండ్రట. ఆమె రాయలె. నా పేరు రాసింది. దాంతోటి ఆమెకు తొమ్మిది నెలలు లేటైంది. ఏడేండ్ల సంది ఒక్క ఫారంల గూడ అబద్ధం లేదు. ఇప్పుడు నేనొచ్చి దొంగ కాయితం పెట్టాల్నా?"

మాట పెంచలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. నువ్వే ఆమెకు ఫోన్ చేసి చెప్పక్కా అని మాత్రం అన్నాడు. గనిలో దుంగలు నిలబెట్టే మనిషి, ఏడో తరగతి చదివినవాడు, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న నా ముందు కూర్చుని ఇంత తేటగా ఆలోచించాడు. నాకు సిగ్గేసింది. నిజం చెప్పాలంటే కొంచెం కోపం కూడా వచ్చింది, నా ఉపాయం అంత బాగుంటే కాదన్నందుకు.

ఆదివారం అతని ఫోన్ నుంచే మాట్లాడాను. అంతా చెప్పాను.

"మీరు నన్ను అడగాల్సుండె అక్కా" అంది. "నేను ఒద్దన్న కదా." తర్వాత, "ఇప్పుడన్న ఉన్నదున్నట్టు రాయుండ్రి. అట్ల రాస్తే మీ నౌకరికి ఏమన్న అయితదా?" అని అడిగింది.

ఆమె ఏడేళ్ల ఎదురుచూపు నా చేతిలో ఉంది, ఆమె నా నౌకరీ గురించి అడుగుతోంది. ఏమీ కాదులే చెల్లె అన్నాను. ఏడాదిన్నరలో రిటైర్ కావాల్సినదాన్ని. దొంగ విచారణ రాసినట్టు నేనే ఒప్పుకుంటే ఏమైనా కావచ్చని నాకు బాగా తెలుసు.

రాయడానికి సిద్ధపడ్డాను గానీ, అప్పుడే తెలంగాణ రాష్ట్రం కోసం గనులన్నీ సమ్మెలోకి వెళ్లాయి. బొగ్గు పైకి రావడం ఆగిపోయింది, బస్సులు ఆగిపోయాయి, మా ఆఫీసూ మూతపడింది. నేనూ సమ్మెలోనే ఉన్నాను, టెంటు కింద బతుకమ్మ పాటలు నేనూ పాడాను. అధికారులు మాత్రం లోపల తాళాలు పెట్టుకుని ఉండేవారు. గేటు ముందు టెంటు. దాన్ని దాటి కార్మికుడు గానీ గుమాస్తా గానీ లోపలికి అడుగు పెట్టడానికి లేదు. వారం అవుతుంది, పది రోజులవుతుంది అనుకుంటూ ఉండగానే ముప్పై రోజుల్లో ఇరవై రెండు గడిచిపోయాయి.

ఆ రోజు పొద్దున టెంటు దగ్గరికి వెళ్లి, సమ్మె నడిపిస్తున్న నాయకుణ్ణి పక్కకు పిలిచాను. ఆయనా గనిలో పనిచేసినవాడే, మాటకు కట్టుబడే మనిషి. ఒక ఫైలు కోసం లోపలికి పోవాలన్నాను. పక్కకు పిలిచి చెప్పేదేమీ ఉండదు, ఏదున్నా అందరి ముందు చెప్పమన్నాడు. ఇప్పుడు నిన్నొక్కదాన్ని పంపిస్తే రేపు ఇంకొకరు ఇంకో ఫైలంటారు, అప్పుడు నేనేం చెప్పాలి అన్నాడు. న్యాయమే.

టెంటు కింద ఎంత లేదన్నా నూరు మంది ఉన్నారు. అందులో సగం మందికి ఇళ్లు నా చేతి మీదుగా వచ్చినవే. వాళ్ల ముందు నిలబడి చెప్పాను. నర్సు సంగతి, ఉత్తరం సంగతి, ఎనిమిది రోజులే మిగిలిన సంగతి.

"వేరుంటున్నరని ఎవలు రాసిండ్రు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"నేనే" అన్నాను. "సంతకాలు వాళ్లవి. రాత నాది. వాళ్లకు తెల్వదు."

ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దమనిషి తన చేతిలో కాగితం ఏదో ఉన్నట్టు అరచేయి చూసుకున్నాడు. నేను పెన్సిల్ టిక్కు పెట్టిన కాగితాల మీద తానూ ఏమేం సంతకాలు చేశాడో అని ఆలోచిస్తున్నాడని నాకు అర్థమైంది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తు.

నాయకుడు పక్కవాళ్లతో కాసేపు మాట్లాడి వచ్చాడు. "బొగ్గు పెల్ల ఒక్కటి బయటికి రానియ్యం" అన్నాడు. "ఈ కాయితమైతే రానీ. ఆ ఒక్క ఫైలు, ఒక్క గంట. ఇంక దేని మీద చెయ్యి పెట్టద్దు." సాక్షిగా ఆ ముక్కుసూటి గుమాస్తాను నా వెంట పంపారు. ఆయన కూడా టెంటు కిందే ఉన్నాడు. లోపలికి వెళ్తూ, నేను ఉన్నది రాశానే గాని వాళ్లకు కీడు చేయాలని కాదమ్మా అన్నాడు. ఆ మాట నేను చెప్పాలి గానీ ఆయన చెబుతున్నాడు.

లోపల ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసర్ ఒక్కడే ఉన్నాడు. నేను చెప్పిందంతా విని కళ్లజోడు తీశాడు. ఏడాదిన్నరలో రిటైర్ అయ్యేదానివి, గుమాస్తా పొరపాటు అని ఒక ముక్క రాద్దాం, అంతటితో పోతుంది అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. పదేళ్ల కింద ఆయన కుర్చీలో నేనుంటే అదే అనేదాన్ని. అక్కడ ఒక నిమిషం తడబడ్డానని ఒప్పుకోవాలి. అప్పుడు ఫోన్లో ఆమె గొంతు గుర్తొచ్చింది. పొరపాటు కాదు సార్, తెలిసే రాశాను అన్నాను. అదే రాశాను కూడా. ఫారం నేనే నింపానని, సంతకం పెట్టినవాళ్లకు చదివి వినిపించలేదని, విచారణ చేయకుండానే చేశానని రాశానని, ఆ మూడేళ్లూ వాళ్లు కలిసే ఉన్నారని. నేను ఆ ఆఫీసులో రాసిన నోట్లన్నింటిలో ఇదే పొట్టిది.

నా మాట ఒక్కటే సరిపోతుందా అని ఆయనకు అనుమానం. ఒకసారి అబద్ధం రాసిన మనిషి రెండోసారి నిజం రాసిందని వాళ్లెందుకు నమ్మాలి? మేమిద్దరం దీని గురించి మాట్లాడుతుంటే గుమాస్తా ఫైలు మొదటి నుంచి చివరిదాకా తిప్పుతున్నాడు. అట్టకు అంటుకుపోయిన ఒక కాగితాన్ని జాగ్రత్తగా వేలితో లేపాడు. చూసి నా ముందు పెట్టాడు.

అది ఒక ఫిర్యాదు. నర్సుల క్వార్టర్ల వరుసలో ఉండే కాంపౌండరు ఒకాయన రాసింది. ఫలానా నర్సు భర్త రోజూ షిఫ్టు దిగి వచ్చి అందరి నల్లా దగ్గర బొగ్గు బట్టలు ఉతుకుతున్నాడని, నల్లా కింది గద్దె అంతా నల్లగా చేస్తున్నాడని, ఇది ఏడాదిగా సాగుతోందని, తగిన చర్య తీసుకోవాలని. వచ్చిన తేదీతో ఆఫీసు ముద్ర కూడా ఉంది. చూడగానే నాకు గుర్తొచ్చింది. దాని మీద చర్య తీసుకుంటే నా దొంగ విచారణ బయటపడుతుందని నేనే దాన్ని ఫైలు అడుగున దాచిపెట్టాను. చింపి పారేద్దామనుకుని, నంబరు పడిన కాగితం చింపడానికి చెయ్యి రాక ఊరుకున్నాను.

ఆఫీసర్ దాన్ని రెండుసార్లు చదివాడు. ఆయన ముఖంలో నవ్వు ఆగలేదు. "అమ్మా, ఇంతకంటే మంచి సాక్ష్యం దేవుడు కూడా రాయలేడు" అన్నాడు. టైపిస్టులు సమ్మెలో ఉన్నారు కనక, తానే రెండు వేళ్లతో టైపు మిషన్ మీద కొట్టి, కంపెనీ తరఫున లేఖ తయారు చేసి సంతకం పెట్టాడు. నా మీద విచారణ పెట్టక తప్పదని కూడా అప్పుడే చెప్పాడు. పెట్టండి సార్ అన్నాను.

ఫిర్యాదు రాసిన కాంపౌండరు రిటైరై నస్పూర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడని రెండు రోజులు వాకబు చేస్తే తెలిసింది. ఆయన ఇప్పుడు ఒక మాట రాసిస్తే గట్టిగా ఉంటుంది. బస్సులు లేవు. నర్సు భర్త స్కూటర్ వెనక కూర్చుని గోదావరి వంతెన దాటి వెళ్లాను. ముసలాయన అతన్ని చూడగానే గుర్తుపట్టాడు. పదేళ్లయినా కోపం తగ్గలేదు. మా ఆవిడ పొద్దున లేస్తే ఆ గద్దె రుద్దడమే పని, నీకు ఎన్నిసార్లు చెప్పినా విన్నావా అని మొదలుపెట్టాడు. అతను చేతులు కట్టుకుని, తప్పయింది కాకా అని విన్నాడు. మొత్తం తిట్టడం అయ్యాక వచ్చిన పని చెప్పాం. ముసలాయన లోపలికెళ్లి కళ్లజోడు, తెల్ల కాగితం తెచ్చుకున్నాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఆలుమగలుగా ఉన్నారని, తాను రోజూ కళ్లారా చూశానని రాశాడు. చివర్లో, గద్దె మాత్రం ఒక్కనాడు కూడా శుభ్రం చేయలేదని రాసి సంతకం పెట్టాడు. ఆ వాక్యం తీసేయమని మేమిద్దరం అడగలేదు.

మర్నాడు అతను కరీంనగర్ దాకా స్కూటర్ మీద వెళ్లి ఆ కాగితాలన్నీ పంపి వచ్చాడు. గడువుకు ఇంకా నాలుగు రోజులుంది.

సమ్మె ముగిసింది. నా మీద విచారణ జరిగింది. నేను అన్నీ ఒప్పుకున్నాను కనక ఎక్కువ రోజులు పట్టలేదు. సర్వీసు రిజిస్టరులో హెచ్చరిక ఎక్కించి వదిలేశారు. రావాల్సిన చివరి ప్రమోషన్ రాలేదు. ఇది చెబితే నర్సు బాధపడుతుందని ఇంతవరకు చెప్పలేదు. ఆఫీసులో మిగిలిన ఏడాది పైచిలుకు నేను ఒకటే చేశాను. పెన్సిల్ పక్కన పెట్టి, ఎవరికి ఏ ఫారం ఇచ్చినా మొత్తం చదివి వినిపించాను. లైను పెరిగేది, విసుక్కునేవాళ్లు, చెప్పినచోట సంతకం పెడతాం గద అక్కా అనేవాళ్లు. అయినా చదివేదాన్ని.

నాలుగు నెలల తర్వాత అతన్ని ఇంటర్వ్యూకు ఢిల్లీలోని కెనడా కార్యాలయానికి పిలిచారు. తిరిగొచ్చి జరిగింది చెప్పాడు. ట్రంకు పెట్టెలోని ఉత్తరాలన్నీ మోసుకెళ్లాడు గానీ వాటిని తెరవనే లేదట. అక్కడి అధికారిణి కంపెనీ లేఖ, ఫిర్యాదు, ముసలాయన రాసింది ముందు పెట్టుకుని, దుబాసీ చేత ఒక్కటే అడిగించిందట, ఆ గద్దె నిజంగా ఎప్పుడూ కడగలేదా అని. ఆదివారం ఆదివారం కడిగేవాణ్ణి, ఆ వేళకు ఆయన బజారుకు పోయేవాడు అని చెప్పాడట. ఆవిడ నవ్వి ఏదో రాసుకుందట. వీసా వచ్చింది.

అతను రాజీనామా ఇచ్చిన రోజు గని మీద అతని గ్యాంగు మొత్తం ఆఫీసుకు వచ్చింది. పెళ్లాం వెనక పోతున్నాడని ఏడేళ్లు వెక్కిరించినవాళ్లే. ఒకడు అతని భుజం మీద చెయ్యి వేసి గేటు దాకా నడిచాడు.

అతను వెళ్లిన వారానికి, ఒక సాయంత్రం నాకు ఫోన్ వచ్చింది. అవతల నర్సు. అక్కడ పొద్దు ఎంతైందో నాకు తెలియదు. చేరాడా, బాగున్నాడా, తిన్నాడా అని నేనే గలగలా అడిగాను. ఆమె చాలా చిన్న గొంతుతో మాట్లాడుతోంది. ఎందుకంత మెల్లగా, ఒంట్లో బాగాలేదా అని భయపడ్డాను.

"మంచిగనే ఉన్న అక్కా" అంది. "ఆయన పండుకున్నడు. నాకు డ్యూటీ టైమైతున్నది, పోబుద్ధైతలేదు. పక్కన కూసొని చూస్తున్న. ఎవలకన్న చెప్పాలనిపించింది."